ఒకటో బండి కుడి చైను

41వ రోజు

ఉదయం చైను చూశాను. కుడివైపు యాభై ఏడు పలకలు మిగిలాయి, ఎడమవైపు యాభై ఎనిమిది. కొత్తగా ఉన్నప్పుడు ఒక్కోవైపు అరవై ఉండేవి. నడిచేకొద్దీ పలకల్ని కలిపే పిన్నులు అరిగి చైను సాగుతుంది. సాగినప్పుడల్లా ఒక పలక తీసేసి మళ్ళీ బిగిస్తాం. యాభై అయిదు కంటే తగ్గితే చైను చక్రాల చుట్టూ అందదు. అప్పుడిది బండి కాదు, పదకొండు టన్నుల ఇనుము.

డీజిలు నూట నలభై లీటర్లు. గ్రీజు అయిపోయి నెల దాటింది, ఆముదం పోస్తున్నాం.

ఈ పుస్తకం నింపడం డ్రైవరు పని. డ్రైవరు పేరు ఓబులమ్మ. యుద్ధానికి ముందు పదకొండేళ్ళు వరికోత మిషను నడిపాను. అదీ చైను బండే గనక నన్ను తీసుకున్నారు. ఇప్పుడు నడుపుతున్నది నాకంటే చాలా పెద్దది. మా తాతల నాటి యుద్ధాల్లో ఫిరంగులు లాగడానికి చేసిన బండి. తర్వాత ఏదో సైనిక బడి గేటు ముందు దిమ్మె మీద నిలబెట్టి ఏటేటా పచ్చరంగు వేశారు. ఇందులో చిప్పు లేదు, తెర లేదు, సిగ్నలు లేదు. చిప్పు ఉన్న బండి ఏది స్టార్టయినా ఉత్తరం నుంచి దాడికొచ్చిన పైవాళ్ళ గద్దలకు, అంటే ఆకాశంలో తిరిగే డ్రోన్లకు, తెలిసిపోతుంది, నిమిషంలో నిప్పు పడుతుంది. అందుకే దిమ్మెల మీంచి వీటిని దించారు. మొదట రెండు ఉండేవి. ఇప్పుడిది ఒక్కటే.

ఫిరంగి కాల్చాక పైవాళ్ళు చప్పుడును బట్టి గురి చూసుకుని తిరిగి కాల్చడానికి పన్నెండు నిమిషాలు పడుతుంది. ఆలోపల ఏడు టన్నుల ఫిరంగిని కొక్కేనికి తగిలించి ఇంకో చోటికి లాక్కుపోవాలి. ఇక్కడి నేల నల్లరేగడి. ఒక్క వాన పడితే చక్రాల బండి ఇరుసు దాకా దిగబడుతుంది.

చెరువు కట్ట కింద గుడారాల్లో తొమ్మిది వేల మంది ఉన్నారు. తాగడానికి పనికొచ్చే నీళ్ళు ఈ చుట్టుపక్కల కట్ట వెనక తప్ప ఇంకెక్కడా లేవు. వాటి కోసం ఉత్తరం మైదానం మీంచి పైవాళ్ళ మనుషుల్లేని బండ్లు వస్తుంటాయి. మేము పురుగులంటాం. మా ఫిరంగి కొడుతున్నంతసేపు అవి ఆగుతాయి.

44వ రోజు

తొమ్మిది గుండ్లు కాల్చాం. అయిదు పురుగులు ఆగిపోయాయి. వెంటనే ఫిరంగి తగిలించి కదిలాను. నాలుగు వందల గజాలు పోయాక కుడివైపు టంగుమని చప్పుడైంది. పిన్ను విరిగి, ఒక పలక నిలువునా చీలింది.

ఫిట్టరు మస్తాన్ వలి దిగి సుత్తి అందుకున్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. మేము పిన్ను దిగ్గొట్టి కదిలేసరికి పందొమ్మిది నిమిషాలయింది. ఆ ఏడు నిమిషాల్లోనే గుండ్లు అందించే ఇద్దరు పోయారు. ఇద్దరూ అన్నదమ్ముల పిల్లలు. వాళ్ళ పేర్లు సుబేదారు గారి పుస్తకంలో ఉంటాయి, అయినా ఇక్కడా రాస్తున్నాను: బోయ లింగప్ప, బోయ రంగస్వామి.

కుడివైపు యాభై ఆరు.

సుబేదారు దావీదు గారు వచ్చి చైను పక్కన గొంతుక్కూర్చున్నారు. ఫిరంగి ఆయనది, బండి కూడా ఆయన కిందే ఉంటుంది. కోస్తా మనిషి, గొంతు పెంచరు.

"ఇంకెన్నాళ్ళు లాగుద్ది మస్తానూ?"

"వారం సారూ. పది మంచి పలకలు దొరికితే నెల లాగిస్తా. అరిగిపోయినవన్నీ తీసేసి అవి ఏస్తా."

"పది పలకలు ఎక్కడ దొరుకుతాయయ్యా?"

మస్తాన్ నా వైపు చూశాడు. నేను సుత్తి కడుగుతున్నట్టు తల దించుకున్నాను.

"ఒక్క తావే ఉండాయి సారూ," అన్నాడు. "సవుడు వాగులో."

45వ రోజు

29వ రోజు పేజీ తిరగేసి చూశాను. "ఉత్తరం గట్టు నుంచి వెనక్కి వస్తుండగా రెండో బండి సవుడు వాగులో ఒక్కసారిగా మునిగింది. ఫిరంగి, బండి పోయాయి. డ్రైవరు సుంకన్న బయటికి రాలేకపోయాడు." నా రాతే.

సుంకన్న, నేను ఒకే యజమాని దగ్గర కోత మిషన్లు నడిపాం. ఒక కారు పంటప్పుడు మా ఇద్దరివీ పక్కపక్క పొలాలే. నన్ను ఓబులక్కా అని పిలిచేవాడు.

వాగుకు పోయి పలకలు విప్పుకు రమ్మని సుబేదారు గారు చెప్పారు. పద్నాలుగు కిలోమీటర్లు. బండి, మస్తాన్, ఇద్దరు జవాన్లు, నేను. మేము తిరిగొచ్చేదాకా ఫిరంగి కదలదు, కాల్చడానికి లేదు.

మధ్యాహ్నానికి సుంకన్న భార్య మద్దిలేటమ్మ వచ్చింది. గుడారాల్లో నీళ్ళు కొలిచి పోసే పని ఆమెది. తడి చేతులతోనే వచ్చి బండి ముందు నిలబడింది.

"అక్కా, వాగుకు పోతాండారంట."

"అవును."

"ఆయప్పను తీసుకొస్తారు గదా?"

నేను సుబేదారు గారి వైపు చూశాను. "చూద్దామమ్మా," అన్నారాయన.

"నేనూ వస్తా సారూ. తవ్వడానికి ఒక మనిషి ఎక్కువ ఉన్నట్టుంటుంది. పార నా దగ్గరే ఉండాది."

వద్దని చెప్పమని మనసులో ఆయన్ను బతిమాలుకున్నాను. ఆయన సరేనన్నారు.

48వ రోజు

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను.

తెల్లారగానే బయల్దేరి పది గంటలకు వాగు చేరాం. ఫిరంగి లేకుండా బండి తేలిగ్గా నడిచింది. మద్దిలేటమ్మ నా వెనక ఇనప బెంచీ మీద పార ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దారి పొడుగునా పలకలు రాళ్ళ మీద మోగుతూనే ఉన్నాయి, మాట్లాడాల్సిన అవసరం రాలేదు.

వాగు సన్నగా పారుతోంది. రెండో బండి ఎడమవైపుకు ఒరిగి, మూతి, కుడి పక్క మాత్రం పైకి కనబడుతున్నాయి. చుట్టూ రేగడి పైపొర ఎండి పలకలుగా చీలి ఉంది. కుడి చైను సగం పైకే ఉండడం మా అదృష్టం. మస్తాన్, జవాన్లు అటు వెళ్ళారు. సుత్తి దెబ్బకో చుక్క ఆముదం పోస్తూ పిన్నులు విప్పడం మొదలుపెట్టారు. మద్దిలేటమ్మ ఎవర్నీ అడగకుండా రెండోవైపు వెళ్ళి డ్రైవరు గదిని తవ్వసాగింది. నేనూ అటే వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియదు. మస్తాన్ దగ్గరే ఉండాల్సింది.

గంటన్నర తవ్వాక డ్రైవరు పక్క కిటికీ బయటపడింది. జానెడు వెడల్పున్న ఇనప కిటికీ, దానికో రెక్క ఉంటుంది. రెక్క వంగిపోయి బయటి వైపుకు ఊడి వేలాడుతోంది. మద్దిలేటమ్మ దాని మీది బురద చేత్తో తుడిచింది. అంచుల నిండా సుత్తి దెబ్బలున్నాయి.

చాలాసేపు చూసి పార కింద పెట్టింది.

"అక్కా, ఒక్కసారిగా మునిగె అని చెప్పినావు. అందరూ అదే చెప్పిరి. మరి ఈ కిటికీని లోపల్నుంచి ఎవురు పగలగొట్టినారు?"

ఇన్నాళ్ళూ ఈ ప్రశ్నకు నేను తయారు చేసిపెట్టుకున్న జవాబు ఒకటుంది. అది పక్కన పెట్టాను.

"మెల్లగా దిగింది మద్దిలేటమ్మా," అన్నాను. "గట్టు జారె. బండి ఒరిగె. పైమూత మింద మన్ను పడి తెరుచుకోల్యా. కిటికీ పగలగొట్టి నన్ను పిలిచె. ఓబులక్కా, తాడెయ్యి అనె."

"నువ్వేమంటివి?"

"వస్తాండా అంటి."

ఆమె నా వైపు తిరిగింది.

"నా కొక్కేనికి ఫిరంగి ఉండె. అది విప్పి, బండి తిప్పి, తాడేసి లాగాలంటే అరగంట. గట్టు మింద పురుగుల దుమ్ము కనపడుతుండె. ముందు ఫిరంగి, ఆ తర్వాతే మనుషులు. అది రూలు. సుబేదారు సారు ముందే పోయిండె, ఆయన చెప్పల్యా. నేనే అనుకుంటి. వస్తాండా అని చెప్పి, బండెక్కి, కొక్కెం విప్పకుండా పోతి."

"ఎంతసేపు బతికిండె?"

"తెల్దు. నేను పోయేటప్పుడు ఇంగా కొడుతుండె."

ఆమె కొంగు నడుముకు దోపుకుంది. పార తీసుకుని మళ్ళీ తవ్వడం మొదలుపెట్టింది. ఆమె నన్ను కొడుతుందని నేను అనుకున్నట్టు అప్పుడు తెలిసింది. కొట్టివుంటే బాగుండేది.

పన్నెండున్నరకు ఎగువన ఉరుములు వినిపించాయి. వాగు రంగు మారింది. మస్తాన్ ఇటు వచ్చాడు. చేతులు నెత్తురు కారుతున్నాయి.

"ఆరు పలకలు వచ్చినాయి. ఇంగ నాలుగు. నీళ్ళు ఎక్కుతాండాయి, మనకు గంట ఉండాది, అంతే. అందరం ఆ పక్కకే పోదాం పాండి."

అందరం అటు పోతే పది పలకలు వస్తాయి. అందరం ఇటు తవ్వి, పైమూతకు తాడు కట్టి బండితో లాగితే సుంకన్న బయటికి వస్తాడు. రెండూ ఒక్క గంటలో కావు. ఇందులో ఏ చిక్కూ లేదు, చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది.

మద్దిలేటమ్మ తవ్వుతూనే ఉంది. ఆమె నన్ను అడగలేదు. ఆ గంటలో ఒక్క మాట కూడా అడగలేదు. అందుకే ఇది రాసి పెడుతున్నాను, రేపు ఎవరూ ఆమె అడిగిందని అనకూడదు.

"జవాన్లను ఇటు పిలువు," అన్నాను. "మూతకు తాడు కట్టాల."

"ఏమ్మా, నీకు మతి ఉండాదా? ఆడ తొమ్మిది వేల మంది ఉండారు. సచ్చినోనికి ఏం తొందర?"

"నాకుండాది తొందర, మస్తానన్నా."

అతను నా మొహంలోకి చూసి సుత్తి భుజాన వేసుకున్నాడు. బండి విషయంలో డ్రైవరుదే పైమాట. జవాన్లను పిలిచాడు.

మూడు లాగులకు మూత ఊడింది. రేగడి సుంకన్నను పెద్దగా మార్చలేదు. కుడిచేతిలో సుత్తి పట్టుకునే ఉన్నాడు, వేళ్ళు విప్పడం మద్దిలేటమ్మ వల్ల మాత్రమే అయింది. టార్పాలిన్‌లో చుట్టి ఇనప బెంచీ మీద పడుకోబెట్టాం. మేము గట్టెక్కిన పావుగంటకు వాగు నిండుగా వచ్చి రెండో బండి మూతి కూడా కనబడకుండా పోయింది.

ఇవాళ ఉదయం కట్ట దక్షిణపు కొసన గుంత తవ్వి పూడ్చాం. గుంత నేనే తవ్వాను. మద్దిలేటమ్మ మూడు పిడికిళ్ళ మన్ను వేసి, నీళ్ళ తొట్ల దగ్గరికి వెళ్ళిపోయింది. వరసలో జనం ఎదురుచూస్తున్నారు.

ఆరు పలకలు మస్తాన్ కుడి చైనుకు వేశాడు. మిగతావి పాతవే.

50వ రోజు

రెండుసార్లు కాల్చాం, రెండుసార్లూ పది నిమిషాల్లో కదిలాం. చైను పట్టింది. సుబేదారు గారు పలకలు ఎన్ని తెచ్చారని అడిగారు. ఆరు అన్నాను. ఎందుకు ఆరు అని ఆయన అడగలేదు, టార్పాలిన్ దిగడం చూశారు కదా.

మస్తాన్ నాతో మామూలుగానే మాట్లాడుతున్నాడు. మధ్యాహ్నం జొన్నసంకటి తింటూ తన పెద్దకూతురు కాన్పు సంగతి చెప్పాడు. కోపమేమైనా ఉంటే చెప్పు అన్నాను. "కోపం దేనికి? ఆ పిల్లోడిని నేనూ ఎరుగుదును గదా. ఆ నాలుగు పలకలు మాత్రం కండ్లలో మెదులుతుండాయి," అన్నాడు.

56వ రోజు

దక్షిణం గుట్టల మీంచి రాస్తున్నాను. ఎడమ చెవి వినబడడం లేదు. బండి లేదు కనుక పలకలు, డీజిలు రాయడానికి ఏమీ లేవు.

52వ రోజు రాత్రంతా వాన. 53వ రోజు ఉదయం ఇరవైకి పైగా పురుగులు ఒకేసారి వచ్చాయి. పదకొండు గుండ్లు కాల్చి ఫిరంగి తగిలించుకుని కదిలాను. రేగడి చక్రాల మధ్య పేరుకుని బండి బరువుగా నడుస్తోంది. మలుపు దగ్గర కుడి చైను తెగింది. పాత పలకే, వాగులోంచి తెచ్చినది కాదు. చైను మొత్తం పాములా వెనక్కి జారి బురదలో పరుచుకుంది.

మస్తాన్ సుత్తి తీసుకుని దూకాడు. "క్లచ్చు తొక్కి పట్టుకో, వదలొద్దు!" అని అరిచాడు. నేను తొక్కి పట్టుకున్నాను. సుబేదారు గారు గడియారం చూస్తూ ఒక్కో నిమిషం పైకి చెబుతున్నారు. జవాన్లు చైను ఎత్తి పట్టుకున్నారు. పదకొండు అన్నాక ఆయన అన్నీ వదిలేసి అందర్నీ పరిగెత్తమన్నారు. జవాన్లు పరిగెత్తారు.

"ఇంగ రెండు దెబ్బలు సారూ," అన్నాడు మస్తాన్.

ఒక దెబ్బ విన్నాను.

తర్వాత బండి పక్కన బురదలో పడి ఉన్నాను. కుడివైపు ఏమీ లేదు. చైను లేదు, చక్రాలు లేవు, మస్తాన్ లేడు. ఎంత వెతికినా ఏరడానికి కూడా లేకుండా పోయాడు.

పురుగులు మళ్ళీ కదిలాయి. ఫిరంగి పైవాళ్ళ చేతికి చిక్కకుండా సుబేదారు గారు దాని గొట్టం నిండా బురద కూరి, దూరం నుంచి పేల్చి దాన్ని చీల్చేశారు. ఇరవై ఏళ్ళ నుంచి ఫిరంగుల దగ్గరే ఉన్న మనిషి. పేల్చాక టోపీ తీసి తొడ మీద కొట్టుకుని, "నడవండి," అన్నారు.

గుడారాల జనం అప్పటికే గుట్టల దారి పట్టారు. కుండలు, పరుపులు, ముసలివాళ్ళు, మేకలు. మధ్యాహ్నానికి పురుగులు కట్ట తూము తలుపుల దగ్గరికి చేరాయి. జనం తోక మీద కూడా కాల్చాయి. గుట్టల మీద పేర్లు పిలిచి లెక్క తీస్తే ఏడు వేల నాలుగు వందల మంది తేలారు. మిగతావాళ్ళు వేరే దారిలో పోయి ఉంటారని అందరం అంటున్నాం.

పది పలకలుంటే చైను ఆగేదా? తెలియదు. తెగిన పలక మస్తాన్ మార్చేవాటిలో ఉండేదో లేదో చెప్పగలిగిన మనిషి మస్తానే.

59వ రోజు

విచారణకు ఒక అధికారి వచ్చారు. కట్ట ఎలా పోయిందో రాయాలట. వెళ్ళేముందు సుబేదారు గారు నన్ను పక్కకు పిలిచారు.

"వాగు పొంగింది, ఆరు పలకలు విప్పేదాకే టైం చిక్కిందని చెప్పు. వాగు పొంగిన మాట నిజమేగా. నువ్వు జైల్లో కూర్చుంటే ఎవురికి లాభం?"

"మస్తానన్న చెప్పినాడు సారూ, గంట ఉండాదని. ఆ గంట నేనే వాడుకుంటి."

ఆయన పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు.

అధికారి ముందు రెండూ చెప్పాను. 29వ రోజున నేను రాసింది అబద్ధమని, సుంకన్న పిలుస్తుంటే వదిలి వచ్చానని. 47వ రోజున గంట టైం ఉండగా పలకలు వదిలి శవాన్ని తీయించానని, మస్తాన్ వలి వద్దన్నాడని, మద్దిలేటమ్మ అడగలేదని. ఆయన అంతా రాసుకున్నారు. నా కంటే చిన్నవాడు, కళ్ళ కింద నల్లగా ఉంది.

"మొదటిసారి ఫిరంగిని కాపాడావు, మనిషి పోయాడు," అన్నారు. "రెండోసారి చచ్చిన మనిషిని తెచ్చావు, ఫిరంగి పోయింది. ఏది తప్పని రాయమంటావు?"

"రెండూ నేను చేసినవే సార్."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. శిక్ష వేస్తే కాపలాకు ఇద్దరు మనుషులు కావాలి, ఇద్దర్ని ఇవ్వలేనన్నారు. వెళ్ళి పనిలో చేరమన్నారు. శిక్ష పడుతుందని మూడు రోజులుగా ఎదురుచూశాను. అది కూడా లేదని తెలిశాక బయటికొచ్చి ఒక రాయి మీద చాలాసేపు కూర్చున్నాను.

62వ రోజు

దక్షిణం నుంచి ఒక ఫిరంగి వచ్చింది. మాదాని కంటే పాతది, బరువు మాత్రం అంతే. చైను బండి ఒక్కటీ మిగల్లేదు. ఆ ఫిరంగిని తొంభై మంది మనుషులు మోకులతో లాగుతూ తెచ్చారు. గుట్ట కింది ఊరి దగ్గర వాళ్ళు ఆగిపోయారు. అరచేతుల తోలు ఊడిపోయింది. ఇక్కణ్ణుంచి పైకి మేము లాగాలి.

సుబేదారు గారు పేర్లు పిలవలేదు. "ఎవరొస్తే వాళ్ళు రండి," అన్నారు. ఆడవాళ్ళు, మగవాళ్ళు నాలుగు వరసల్లో నిలబడ్డారు. నేను ముందు వరసలో మోకు పట్టుకున్నాను. మోకు మీద ఎవరిదో ఎండిన నెత్తురుంది.

కాసేపటికి నా పక్కనున్న మనిషిని తప్పుకోమని చెప్పి మద్దిలేటమ్మ వచ్చి నిలబడింది. వాగు దగ్గర్నుంచి నాతో మాట్లాడలేదు. చీర కొంగు చింపి రెండు అరచేతులకు చుట్టుకుంటూ, నా వైపు చూడకుండా అంది.

"ఆయప్పకు గుంత తవ్వినావు. ఆ గుంత ఇప్పుడు పైవాళ్ళ నేలలో ఉండాది. మస్తాన్ తాతకు గుంతే ల్యాకపాయ."

"అవును," అన్నాను.

"నన్ను అడిగింటే, పలకలే తీసుకోమందును అక్కా."

నిజంగా అలాగే అనేదా, ఇప్పుడు అలా అనిపిస్తోందా, తెలియదు. వాగు దగ్గర నేను అడగలేదు, అంతే. ఆ రోజు బండి నాది, గంట నాది, సుంకన్న ఆమె మనిషి. ఆమెనొక్క మాట అడగాలని నాకు తోచనే లేదు.

మిగిలిన కొంగు ముక్క ఆమె నా ముందుకు చాచింది. చేతులకు చుట్టుకున్నాను.

సుబేదారు గారు చెయ్యి ఎత్తారు. అందరం ముందుకు వంగాం. మొదట ఏమీ కదల్లేదు. పాదాలు మాత్రం రేగడిలోకి చీలమండల దాకా దిగాయి. రెండో పిలుపుకు వెనక ఇరుసు కిర్రుమంది.

సాయంత్రానికి నాలుగు వందల గజాలు లాగాం. గుట్టపైకి ఇంకా రెండు కిలోమీటర్లుంది.